‘హ్యావ్’ క్రియకు అర్థం వెతకవలసిన చోటు



‘హ్యావ్’ అనే ఆంగ్ల క్రియకు తెలుగులో అర్థమేమిటని మీ ఇంట ఏడవ తరగతి చదివే పిల్లవానిని అడిగి చూడండి. ‘కలిగి ఉండు’ అని తడుముకోకుండా చెప్తాడు. ఆ వెంటనే “నీకు తమ్ముళ్ళెంతమంది నాయనా?” అని అడగండి. “నాకు ఇద్దరు తమ్ముళ్ళున్నారు” అంటాడు. “నేను ఇద్దరు తమ్ముళ్ళను కలిగి ఉన్నాను” అని తెలుగింట పుట్టిన ఏ బిడ్డా అనడు. మరి అతడు బట్టీ పట్టిన ఆ అర్థం ఎవరి కోసం? ఆ అర్థంతో ఇంగ్లీషులోనైనా అతడు సరిగా వ్రాయగలుగుతున్నాడా? ఈ ప్రశ్నలు నన్ను చాలాకాలంగా వెంటాడుతున్నాయి. వాటిని మీ ముందు కొంచెం విప్పి చూపాలని ఈ ప్రయత్నం.

ముందుగా ఒక మాట. నేను ఆంగ్లోపాధ్యాయుణ్ణి కాను. టి.సి.హెచ్. ముగించిన నాటి నుండి రాయచూరు జిల్లాలో తెలుగు చెప్పుకొని బ్రతుకుతున్నవాణ్ణి. మా జిల్లా సంగతి తెలియనివారు మీలో ఉండవచ్చు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ నేల 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉండి, ఆ నాటి నుండి మైసూరు రాష్ట్రంలో చేరింది. 1973లో ఆ రాష్ట్రానికే కర్ణాటక అని పేరు మారింది. పట్టణంలో తరతరాలుగా తెలుగు మాట్లాడుతున్న కుటుంబాలున్నాయి. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయి, ఎడమగట్టు కాలువ క్రింద నేల సాగులోకి వచ్చిన తరువాత, సింధనూరు, మాన్వి ప్రాంతాలకు కోస్తా జిల్లాల రైతులు తరలివచ్చి ఊళ్ళు కట్టుకున్నారు. ఆ ఊళ్ళను ఇక్కడ అందరూ క్యాంపులంటారు. కాబట్టి మా పిల్లవాడు ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం, ప్రక్కింటి స్నేహితునితో దక్కనీ ఉర్దూ మాట్లాడుతూ పెరుగుతాడు. బడిలో వీటి పైన ఇంగ్లీషు వచ్చి కూర్చుంటుంది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే సదుపాయం కల్పించాలని రాజ్యాంగంలో 350-ఎ అధికరణం 1956లోనే చేరింది. అధికరణం పుస్తకంలో భద్రంగా ఉంది. తెలుగు తరగతి గదిలో మాత్రం ఏటేటా బెంచీలు ఖాళీ అవుతున్నాయి.

ఖాళీ చేయించేవారు దుర్మార్గులు కారు, పిల్లల మేలు కోరే తల్లిదండ్రులే. “సారూ, మావాడికి ఇంగ్లీషు పట్టుబడటం లేదు. తెలుగు మాన్పించి ఇంగ్లీషు మీడియంలో వేస్తాను, ఏమనుకోవద్దు” అని ఒక తండ్రి నా దగ్గరకు వచ్చాడు. కుర్రవాడి ఇంగ్లీషు నోటుపుస్తకం తెప్పించి చూశాను. ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’, ‘మై హౌస్ ఈజ్ హ్యావింగ్ ఫోర్ రూమ్స్’, ‘అవర్ స్కూల్ ఈజ్ హ్యావింగ్ ఎ బిగ్ ట్రీ’ అని పుటల నిండా ఉన్నది. తెలుగు పూర్తిగా మరచిపోయినా ఈ వాక్యాలు బాగుపడవు. ఇవి ఎక్కడి నుండి వచ్చాయో నా ఊహ చెప్తాను. ‘కలిగి’ అంటే ‘హ్యావింగ్’, ‘ఉన్నాను’ అంటే ‘యామ్’ అని పదానికి పదం పేర్చి చూడండి. ‘కలిగి ఉన్నాను’ అన్నది అచ్చంగా ‘యామ్ హ్యావింగ్’ అవుతుంది. అంటే ఆ కుర్రవాణ్ణి పెడదారి పట్టించినది వాడి అమ్మ నేర్పిన తెలుగు కానే కాదు. ఎవరూ మాట్లాడని ఒక తెలుగు. దానిని బడి పుట్టించింది.

ఇక ఎవరైనా మాట్లాడే తెలుగు దగ్గరకు వద్దాం. ‘హ్యావ్’ ఉన్న వాక్యాలను మన నోట పలికించి చూస్తే ఒక విశేషం బయటపడుతుంది. నాకు ఇద్దరు అక్కలున్నారు. నా దగ్గర పది రూపాయలున్నాయి. నాలో ఆ ధైర్యం లేదు. మా ఇంటికి రెండు వాకిళ్ళు. ఇంగ్లీషువాడు వీటన్నిటికీ ‘హ్యావ్’ వాడతాడు. మనం వాడినది ‘ఉండు’ ధాతువు, లేదా అసలు క్రియే లేదు. ఆ ‘ఉండు’ కూడా నాకు లోబడి నడవదు. అక్కలకు ‘ఉన్నారు’, రూపాయలకు ‘ఉన్నాయి’, ధైర్యానికి ‘లేదు’ అని ఉన్న వస్తువును అనుసరించి మారుతుంది. వాక్యానికి కర్త అక్కలు, రూపాయలు, ధైర్యం. ‘నేను’ అనేవాణ్ణి ‘నాకు’, ‘నా’, ‘నాలో’ అంటూ ఒక ప్రక్కన నిలబడి ఉన్నాను.

ఇప్పుడు మనమంతా చిన్నప్పుడు వల్లించిన విభక్తి ప్రత్యయాలు జ్ఞాపకం తెచ్చుకోండి. కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్ – షష్ఠీ విభక్తి. వల్లించే రోజులలో, ‘కు’కూ ‘యొక్క’కూ ‘లో’కూ పొంతనేమిటి, వీటన్నిటినీ ఒకే గాటన ఎందుకు కట్టారని మీకు అనుమానం వచ్చి ఉండవచ్చు. నాకైతే వచ్చింది. ‘హ్యావ్’ను తెలుగులోకి దించబోతే ఆ కట్టులోని సొగసు తెలిసింది. నాకు ఉంది, నాలో ఉంది, నాది – ఒకరికీ ఒక వస్తువుకూ ఉండే సంబంధాన్ని చెప్పే రూపాలన్నీ ఆ ఒక్క గూటిలోనే ఉన్నాయి. ‘నా దగ్గర’, ‘నా వద్ద’ అన్నప్పటి ‘నా’ కూడా ఆ గూటి పక్షియే. ఇంగ్లీషు ఒక క్రియకు అప్పగించిన పనిని తెలుగు ఒక విభక్తికి అప్పగించింది. క్రియలలో వెతికితే దొరకదు గనుకనే ఎవరో ‘కలిగి ఉండు’ అని ఒకటి నిలబెట్టారు. ఆ క్రియ చేసే పని మన షష్ఠి చేస్తున్నది.

షష్ఠి ఆ పనిని ‘హ్యావ్’ కంటె సూక్ష్మంగా చేస్తుందని నేనంటే, తెలుగు మాస్టారికి తెలుగు మీద పక్షపాతం అని మీరు నవ్వవచ్చు. పరీక్షించండి. ‘వాడికి డబ్బుంది’, ‘వాడి దగ్గర డబ్బుంది’ – ఈ రెండింటిలో మొదటివాడు ధనవంతుడు. రెండవవాడు ఈ పూట జేబులో నాలుగు నోట్లు పెట్టుకొని తిరిగే కూలివాడు కావచ్చు. ఆ నోట్లు వాడివి కాకపోవచ్చు కూడా. ‘ఆమెకు ముగ్గురు పిల్లలున్నారు’ అంటే ఆమె కన్నబిడ్డలు. ‘ఆమె దగ్గర ముగ్గురు పిల్లలున్నారు’ అంటే ఎవరి బిడ్డలనో చూసుకుంటున్నది. ‘కుక్కకు నాలుగు కాళ్ళుంటాయి’ అంటే జాతి లక్షణం. ‘ఈ కుక్కకు మూడు కాళ్ళే ఉన్నాయి’ అంటే మన కళ్ళముందరి కుక్క. ఈ ‘ఉంటాయి’, ‘ఉన్నాయి’ భేదం ఐదేండ్ల పసివాడికి కూడా తప్పిపోదు. ఇంగ్లీషులో రెండు చోట్లా ‘హ్యాజ్’ అనే అనాలి. అందుచేత ‘హ్యావ్’కు ఒక అర్థం చెప్పి ఊరుకునే ఉపాధ్యాయుడు, తన పిల్లలకు అప్పటికే తెలిసిన అయిదారు భేదాలను చెరిపివేసి మరీ పాఠం మొదలుపెడుతున్నాడన్నమాట.

మా ఊళ్ళో పిల్లలకు ఇంకొక అదృష్టం కూడా ఉంది. కన్నడంలో ‘ననగె ఇబ్బరు తమ్మందిరు ఇద్దారె’ అంటారు, ‘నన్న హత్తిర పెన్ను ఇదె’ అంటారు. దక్కనీలో జ్వరానికి ‘మేరేకు బుఖార్ హై’, పెన్నుకు ‘మేరే పాస్ పెన్ హై’. నాకు, ననగె, మేరేకు. నా దగ్గర, నన్న హత్తిర, మేరే పాస్. మూడు భాషలూ ఒకే కొలతతో కొలుస్తున్నాయి. తరగతిలో ఈ మూడింటినీ నల్లబల్ల మీద ప్రక్కప్రక్కన వ్రాసి, నాలుగవ గడిలో ‘ఐ హ్యావ్’ వ్రాస్తే, ఎవరు వేరుగా నడుస్తున్నారో పిల్లలే చెప్పేస్తారు. తమకు ఇంగ్లీషు రాకపోవడం తమ మందబుద్ధి అనుకునే పిల్లవాడికి, ఆ నాలుగవ గడిని చూసిన తరువాత, ఇది వేరే దారి అని మాత్రమే తోస్తుంది. అది చిన్న లాభం కాదు.

నిజానికి ఇంగ్లీషుది మాత్రమే లోకపు దారి కాదు. లాటిన్‌లో ‘హ్యావ్’ వంటి క్రియ ఉన్నప్పటికీ ‘మిహి ఎస్త్’, అంటే ‘నాకు ఉంది’ అనే పద్ధతి కూడా ఉండేది. రష్యన్‌లో నేటికీ ‘ఉ మెన్యా యెస్త్’ అంటారు, అంటే ‘నా దగ్గర ఉంది’. (మాస్కోలో అచ్చయి వచ్చిన తెలుగు పిల్లల కథల పుస్తకాలు చదివి పెరిగిన నా వయసువారికి, ఆ రష్యన్ తాతలూ అవ్వలూ అంత మనవాళ్ళలా మాట్లాడడం వెనుక అనువాదకుల ప్రతిభకు తోడు ఇది కూడా కొంత ఉన్నదేమో!) ‘హ్యావ్’ పుట్టుపూర్వోత్తరాలు చూస్తే, పాత ఇంగ్లీషులో ‘హబ్బన్’, జర్మన్‌లో ‘హాబెన్’. వీటి మూలంలో పట్టుకొనుట అనే అర్థం ఉందని భాషావేత్తలు చెప్తారు. లాటిన్‌లోని ‘హాబేరే’ వినడానికి దీని తోబుట్టువులా ఉంటుంది గాని, అసలు చుట్టరికం ‘పట్టుకొను’ అనే అర్థమున్న ‘కాపేరే’తో. ఇంగ్లీషులోని ‘క్యాప్చర్’ ఆ ‘కాపేరే’ సంతతి. మనకు వస్తువు ‘ఉంటుంది’. వారు వస్తువును ‘పట్టుకుంటారు’.

ఇక్కడ కొందరు ఒక అడుగు ముందుకు వేస్తారు. ఎరిక్ ఫ్రామ్ అనే ఆలోచనాపరుడు 1976లో ‘టు హ్యావ్ ఆర్ టు బి’ అనే గ్రంథం వెలువరించి, చాలా భాషలలో ‘హ్యావ్’కు మాట లేదన్న సంగతిని చర్చకు తెచ్చాడు. దానిని పట్టుకొని, ‘హ్యావ్’ ఉన్నవారు ఆశపోతులనీ, లేని మనం త్యాగమూర్తులమనీ ఉపన్యాసాలిచ్చే మిత్రులను నేను విన్నాను. నాకది రుచించదు. షష్ఠీ విభక్తి ఉన్నంతమాత్రాన మన వడ్డీ వ్యాపారులెవరూ ఉదారులు కాలేదు. పైగా ఇంగ్లీషువాడు ధనికులను, పేదలను ‘హ్యావ్స్’, ‘హ్యావ్ నాట్స్’ అని విడదీస్తే, మనం ‘ఉన్నవారు’, ‘లేనివారు’ అని విడదీశాం. కన్నడంలో ‘ఉళ్ళవరు’ అన్న మాట పన్నెండవ శతాబ్దపు బసవణ్ణ వచనంలోనే ఉంది. ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తే మన మాటే ఎక్కువ కఠినం. ‘లేనివాడు’ అంటే ఏమి లేనివాడో చెప్పనక్కరలేదు. వాడే లేడన్నట్లు వినిపిస్తుంది.

లేనివారి ప్రస్తావన వచ్చింది గనుక, ఈ క్రియ విషయం నాకు వ్యాకరణ చర్చగా మాత్రమే ఎందుకు మిగలలేదో చెప్తాను. కొన్నేండ్ల క్రితం క్యాంపు నుండి వచ్చే తొమ్మిదవ తరగతి అమ్మాయి ఒకతె విద్యార్థి వేతనానికి దరఖాస్తు పెట్టుకున్నది. కుటుంబాన్ని గురించి ఇంగ్లీషులో పది వాక్యాలు వ్రాయాలి. వ్రాసి, పోస్టు చేసే ముందు నాకు చూపించింది. ‘మై ఫాదర్ హ్యాజ్ ఎయిట్ ఏకర్స్ ఆఫ్ ల్యాండ్’ అన్నది మూడవ వాక్యం. వ్యాకరణం దోషరహితం, ‘ఈజ్ హ్యావింగ్’ కూడా కాదు. కాలువ క్రింద ఎనిమిదెకరాల మాగాణి! చదివినవారు ఈ పిల్లకు వేతనమెందుకనుకోరా? “ఏమమ్మా, మీకు ఎనిమిదెకరాలుందా?” అన్నాను. “అయ్యో, మాకెక్కడుంది సార్! మా నాన్న ఎనిమిదెకరాలు చేస్తున్నాడు, కౌలుకి. మాకు సెంటు కూడా లేదు” అన్నది.

గమనించారా? తెలుగులో ఆ అమ్మాయి ‘మాకు ఎనిమిదెకరాలుంది’ అని కలలో కూడా అనదు. సొంత భూమి ‘ఉంటుంది’, కౌలు భూమి ‘చేస్తాం’. ఆ భేదం ఆమెకు పుస్తకం నేర్పినది కాదు, ఏటా గింజలు కొలిచి ఇచ్చే ఇంట్లో పుట్టడం వలన వచ్చినది. ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి ‘హ్యావ్’ ఆ రెండింటినీ కలిపి ముద్ద చేసింది. ఈ రాష్ట్రంలో 1974 నుండి అమలులోకి వచ్చిన భూసంస్కరణల చట్ట సవరణ కౌలును దాదాపుగా నిషేధించింది. కాబట్టి కౌళ్ళన్నీ నోటిమాట మీదనే సాగుతాయి. పహణీలో యజమాని పేరుంటుంది, చేనులో కౌలుదారుడి చెమట ఉంటుంది. ఆ తండ్రి తనకు భూమి లేదని నిరూపించడానికి చూపదగిన కౌలు పత్రమంటూ ఒకటి ఉండదు. ఉన్నదల్లా బిడ్డ వ్రాసే వాక్యమే. ‘మై ఫాదర్ కల్టివేట్స్ ఎయిట్ ఏకర్స్ ఆన్ లీజ్. వియ్ హ్యావ్ నో ల్యాండ్ ఆఫ్ అవర్ ఓన్’ అని మార్చి వ్రాయించాను. రెండవ వాక్యంలో ‘హ్యావ్’ తన సరైన చోట కూర్చున్నది. ఆ సంవత్సరం వేతనం రాలేదు. కారణం ఎవరూ చెప్పలేదు. అయినా అబద్ధం వ్రాసి పోగొట్టుకోవడం వేరు, నిజం వ్రాసి పోగొట్టుకోవడం వేరు.

‘కలిగి ఉండు’ను నేను మరీ తిడుతున్నానేమో! న్యాయంగా రెండు మాటలు చెప్పాలి. ‘కలుగు’ మంచి తెలుగు ధాతువే. సంతానం కలుగుతుంది, అనుమానం కలుగుతుంది, మేలు కలుగుతుంది. దాని తోడుదే ‘కల’: కలవాడు, బుద్ధి గలవాడు, కలిమి. ఇవి సహజాలు. ‘కలిగియున్న’ అనే ప్రయోగం బైబిలు తెలుగు అనువాదంలో విరివిగా ఉంది. హక్కులు, అధికారాలు చెప్పే చట్టపు భాషలోనూ అది ఒదిగిపోయింది, అక్కడ ఉండనిద్దాం. చిక్కంతా అది ప్రతి ‘హ్యావ్’ మీదా వాలడంతో వస్తున్నది. అనువాదమై వచ్చే విజ్ఞానశాస్త్ర, సమాజశాస్త్ర పాఠాలు తెరవండి. ‘కీటకాలు ఆరు కాళ్ళను కలిగి ఉన్నాయి’, ‘భారతదేశం 28 రాష్ట్రాలను కలిగి ఉంది’. కీటకాలకు ఆరు కాళ్ళుంటాయి, భారతదేశంలో 28 రాష్ట్రాలున్నాయి అంటే ఏమి పోయింది? అక్షరాలు కూడా తగ్గుతాయి. విజ్ఞాన పాఠం చదివిన పిల్లవాడే మధ్యాహ్నం నా తరగతికి వచ్చి, వ్యాసంలో ‘మా తాతగారు తెల్లని మీసాలను కలిగి ఉన్నారు’ అని వ్రాస్తాడు. మార్కు తగ్గించాలంటే చేయి రాదు, తగ్గించకుండా ఉండాలంటే మనసు రాదు.

ఇక ‘ఇంగ్’ సంగతి. ‘ఐ యామ్ హ్యావింగ్’ ఎక్కడైనా తప్పేనా? కాదు. ‘ఐ యామ్ హ్యావింగ్ లంచ్’ నిక్షేపంలా ఉంటుంది. ఎప్పుడు చేరుతుంది, ఎప్పుడు చేరదు అన్నదానికి మన తెలుగే ఒక గురుతు చూపుతుంది. ఇంగ్లీషులో ‘హ్యావ్’ అన్నచోట మనం ‘ఉంది’ అంటే, అక్కడ ‘ఇంగ్’ చేరదు: తమ్ముళ్ళున్నారు, ఇల్లుంది, జ్వరముంది. అదే ‘హ్యావ్’ను మనం ఇంకొక పనిగా చెప్తే చేరుతుంది: భోజనం చేస్తున్నాను, స్నానం చేస్తున్నాను, టీ త్రాగుతున్నాను. విచిత్రమేమిటంటే ఇంగ్లీషువాడు ‘హ్యావ్ ఎ బాత్’, ‘హ్యావ్ బ్రేక్‌ఫాస్ట్’ అనే చోట్ల చాలావరకు మనకు ‘చేయు’ వస్తుంది: స్నానం చేయి, టిఫిన్ చేయి. ఈ గురుతు నూటికి నూరుపాళ్ళు కాదు. ‘ఐ యామ్ హ్యావింగ్ ట్రబుల్’ అంటారు, మనం ‘ఇబ్బందిగా ఉంది’ అంటాం. అయినా తొంభై చోట్ల దారి చూపే గురుతును పది చోట్ల తప్పిందని పారవేయనక్కరలేదు. ఇంగ్లీషు సొంతమైన పిల్లవానికి ఇది చెవికే తెలుస్తుంది. మన పిల్లవానికి చెవి కంటె ముందు తెలుగు ఉంది, దానిని వాడుకోనివ్వాలి.

‘ఐ హ్యావ్ ఈటెన్’ అనే రూపం దగ్గర మాత్రం తెలుగు అంతగా ఆదుకోదు. ‘తిన్నాను’ అంటే ‘ఐ ఏట్’ కావచ్చు, ‘ఐ హ్యావ్ ఈటెన్’ కావచ్చు. అందువలననే ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే’ అని వ్రాస్తారు. ‘నిన్న’, ‘మొన్న’, ‘పోయిన యేడు’ వంటి కాలపు మేకు కొట్టి ఉంటే ‘హ్యావ్’ నిలవదని చెప్పి, చాలా అభ్యాసం చేయించడమే మార్గం. ఐతే ఈ రూపం ఎలా పుట్టిందో చెప్తే పిల్లలు ఆసక్తిగా వింటారు. ‘ఐ హ్యావ్ ది లెటర్ రిటెన్’, అంటే వ్రాసిన ఉత్తరం నా దగ్గర ఉంది, వ్రాసి ఉంచాను అన్నది క్రమంగా ‘ఐ హ్యావ్ రిటెన్ ది లెటర్’ అయి, వ్రాయడం ముగిసిందన్న అర్థానికి తిరిగింది. మనకు కూడా వ్యతిరేకంలో ఇటువంటిదే ఉంది సుమా! ‘నా దగ్గర లేదు’ అన్నప్పటి ‘లేదు’నే ‘రాలేదు’, ‘తినలేదు’, ‘చూడలేదు’లలో తగిలిస్తున్నాం. వారు ముగిసిన పనికి ‘హ్యావ్’ను పిలిచారు, మనం జరగని పనికి ‘లేదు’ను పిలిచాం. ఇంటికి వచ్చినవారిని “భోజనమైందా?” అని పలకరిస్తామే, దానిని ఇంగ్లీషులో చెప్పాలంటే ‘హ్యావ్ యు హ్యాడ్ యువర్ మీల్?’ అని రెండు ‘హ్యావ్’లు కావాలి. మనకు ఒక్కటి కూడా అక్కరలేదు.

‘హ్యావ్ టు’ దగ్గర మళ్ళీ రెండు భాషలూ చేతులు కలుపుతాయి. ‘ఐ హ్యావ్ టు గో’ అంటే ‘నేను వెళ్ళవలసి ఉంది’. ‘హ్యావ్’ ఉన్నచోట ‘ఉంది’ వచ్చింది చూశారా! దీని వ్యతిరేకంలో ఒక గొయ్యి ఉంది. ‘యు డోంట్ హ్యావ్ టు గో’ అంటే ‘వెళ్ళకూడదు’ అని మా పిల్లలలో సగం మంది అర్థం చేసుకుంటారు. ‘వెళ్ళవలసిన పని లేదు’ అని తెలుగు చేసి చూపండి, గొయ్యి పూడిపోతుంది. పరీక్ష కాగితం మీది సూచనలలో ఈ తేడా తెలియకపోతే ఏమవుతుందో వేరే చెప్పాలా!

‘ఐ హ్యాడ్ మై హెయిర్ కట్’ అన్నదొకటి మిగిలింది. మావాళ్ళు ‘ఐ కట్ మై హెయిర్’ అంటారు, అద్దం ముందు కత్తెర పట్టుకొని తామే కత్తిరించుకున్నట్లు. తెలుగులో అలా ఎన్నడూ అనరు. ‘క్షవరం చేయించుకున్నాను’ అంటారు. ‘చేయించుకున్నాను’ అనే ఒక్క మాటలో ఇంకొకరిచేత చేయించడమూ ఉంది, తన కోసం అన్నదీ ఉంది. మన ‘ఇంచు’ ఉన్నచోట ఇంగ్లీషులో ‘హ్యాడ్’ను తెచ్చి, పనిని చివరకు నెట్టమంటే చాలు. ఇల్లు కట్టించాము, బావి త్రవ్వించాము, పంట కోయించాము. ఒక్క గంటలో ఇరవై వాక్యాలు వస్తాయి.

పోయిన సంవత్సరం ఎనిమిదవ తరగతివారికి ఒక ఇంటిపని ఇచ్చాను. ఇంట్లో పెద్దలు ‘ఉంది’, ‘లేదు’ అనే మాటలతో చెప్పే వాక్యాలు అయిదు వ్రాసుకొని రమ్మన్నాను. అప్పుల వాక్యాలు, పనుల వాక్యాలు, రోగాల వాక్యాలు చాలా వచ్చాయి. ఒక అబ్బాయి తన నాయనమ్మ మాట తెచ్చాడు. “నాకు కళ్ళున్నాయి గాని చూపు లేదు” అన్నదట ఆమె. దానిని ఇంగ్లీషు చేయమన్నాను. ‘ఐ హ్యావ్ ఐస్, బట్ ఐ హ్యావ్ నో సైట్’ అన్నారు కొందరు. ‘ఐ హ్యావ్ ఐస్, బట్ ఐ కెనాట్ సీ’ అన్నారు మరికొందరు. చూపు లేకపోవడమూ చూడలేకపోవడమూ ఒకటి కాదని మొదటివారు, అర్థమయ్యేలా చెప్పడం ముఖ్యమని రెండవవారు పట్టుబట్టారు. వాదం తేలకముందే గంట కొట్టారు. ఆ అబ్బాయి మాత్రం వెళ్తూ వెళ్తూ, “మా నాయనమ్మ రెండూ అనలేదు సార్, కొంచెం కనిపిస్తుంది ఆమెకు” అన్నాడు.